ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచవచ్చా? అపోహలు - వాస్తవాలు

ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో ఉన్న నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: రోజూ షట్‌డౌన్ చేయాలా, ఆన్‌లో వదిలేసినా పర్లేదా? రిపేరుకు వచ్చినవాటిని విప్పి చూసినప్పుడు నాకు ఎక్కువగా కనిపించేవి రెండే. ఒకటి వేడికి దెబ్బతిన్న బోర్డు, రెండోది ఉబ్బిన బ్యాటరీ. అందుకే ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నదానికంటే, ఎంత వేడిలో ఉంది, ఎంత ఛార్జ్‌లో ఉంది అన్నది నేను ముందు చూస్తాను.

అపోహ: మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేస్తే త్వరగా పాడవుతుంది.

ఇది హార్డ్ డిస్క్‌ల రోజుల నాటి భయం. ఆగి ఉన్న డిస్క్ మళ్లీ నిమిషానికి 5400 చుట్ల వేగం అందుకోవాలి కదా, అప్పుడు అరిగిపోతుందని అనుకునేవారు. నిజానికి ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లలో డేటాను చదివే హెడ్ పక్కకు జరిగి తిరిగి రావడాన్ని లక్షల సార్లు తట్టుకునేలా తయారుచేస్తారు. రోజుకు ఐదుసార్లు ఆఫ్ చేసినా పదేళ్లకు అయ్యేది 18,250 సార్లే. ఇక హార్డ్ డిస్క్ బదులు ఇప్పుడు వాడే, చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీలో అయితే కదిలే భాగమే లేదు.

అపోహ: ఛార్జర్ తీయకపోతే ఓవర్‌ఛార్జ్ అవుతుంది.

కాదు. బ్యాటరీ నిండగానే లోపలి సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది, ల్యాప్‌టాప్ నేరుగా అడాప్టర్ కరెంటుతో నడుస్తుంది. అలాగని నిశ్చింతగా ఉండకండి. లిథియం అయాన్ బ్యాటరీకి 100 శాతం దగ్గర నెలల తరబడి నిలిచి ఉండటం మంచిది కాదు. నిండుగా ఉన్న సెల్‌లో వోల్టేజ్ ఎక్కువగా ఉంటుంది, రసాయనాలు వేగంగా క్షీణిస్తాయి. దానికి వేడి తోడైతే క్షీణత ఇంకా పెరుగుతుంది. అలా దెబ్బతిన్న సెల్‌లో గ్యాస్ పుట్టి బ్యాటరీ ఉబ్బవచ్చు.

ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి పనిచేసేవాళ్లు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్ చేసుకోండి. చాలా కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌లోనో, విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగ్‌లలోనో ఈ సదుపాయం ఇస్తున్నాయి. నేను చెప్పేవాటిలో ఈ ఒక్కటైనా ఈరోజే చేయండి.

టచ్‌ప్యాడ్ సరిగ్గా నొక్కుకోవడం లేదా? బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందా? కింది మూత అంచు దగ్గర సందు కనిపిస్తోందా? అయితే బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు, వెంటనే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, సూదితో పొడవడం ప్రాణాల మీదకు తెస్తుంది. మంటలు లేవడానికి ఒక్క చిల్లు చాలు.

అపోహ: బ్యాటరీని అప్పుడప్పుడూ సున్నాకు దించాలి.

ఆ నియమం నికెల్ కాడ్మియం బ్యాటరీలది. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయడం దానికి నష్టమే. కొన్ని వారాలు వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జ్‌తో ఆఫ్ చేసి ఉంచండి.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను కాబట్టి విండోస్ రోజూ కొత్తగా మొదలవుతోంది.

ఇది చాలామందికి తెలియదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రామ్‌లు మూతపడతాయి కానీ, విండోస్ మూల భాగం డిస్క్‌లో భద్రమై మళ్లీ అదే తెరుచుకుంటుంది. నిన్నటి డ్రైవర్ (వైఫై, సౌండ్ వంటి భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) సమస్య ఇవాళ కూడా అలాగే ఉండటానికి ఇదో కారణం. పూర్తిగా కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్ట్ చేయాలి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర అప్‌టైమ్ (విండోస్ కొత్తగా మొదలై ఎంతసేపైందో చెప్పే లెక్క) చూడండి, రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అందులో పది రోజులు కనిపించవచ్చు. వారానికి ఒక్కసారైనా రీస్టార్ట్ చేయండి, అప్‌డేట్లు కూడా అప్పుడే పూర్తవుతాయి.

అపోహ: మూత మూస్తే ఆఫ్ అయినట్టే.

సాధారణంగా మూత మూస్తే వెళ్లేది స్లీప్‌లోకి. మెమరీకి కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో కూడా నెట్‌కు కనెక్ట్ అయి, మధ్యలో మేల్కొని పనులు చేసుకుంటాయి. బల్ల మీద ఉంటే దానివల్ల ఇబ్బంది లేదు. బ్యాగ్‌లో ఉంటే గాలి ఆడదు, బయటికి తీసేసరికి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, బ్యాటరీ కూడా అయిపోతుంది. ప్రయాణానికి ముందు హైబర్నేట్ గానీ షట్‌డౌన్ గానీ చేయండి. హైబర్నేట్‌లో తెరిచి ఉన్న పనంతా డిస్క్‌లో భద్రమవుతుంది కాబట్టి బ్యాటరీ అయిపోయినా అది పోదు.

కరెంటు లెక్క కూడా చూద్దాం. ఖాళీగా ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ 10 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు 14 గంటలు వృథాగా నడిస్తే ఏడాదికి 51 యూనిట్లు. స్లీప్‌లో 1 వాట్ అనుకుంటే 5 యూనిట్లే.

బ్యాకప్, పెద్ద డౌన్‌లోడ్, వీడియో రెండరింగ్ ఉంటే రాత్రంతా నడిపించండి, తప్పేమీ లేదు. కానీ పరుపు మీద వద్దు. మెత్తటి బట్ట గాలి దారులను మూసేస్తుంది. ఫ్యాన్ తిరిగినంతసేపూ దుమ్మును లోపలికి లాగుతుంది, అది వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రెక్కల మధ్య నెమ్మదిగా గట్టి పొరలా పేరుకుంటుంది. ఫ్యాన్ మునుపటికంటే గట్టిగా అరుస్తుంటే విప్పి శుభ్రం చేయించే సమయం వచ్చినట్టే. ఇక ఉరుములు, మెరుపులు మొదలైతే ఎంత ముఖ్యమైన పని నడుస్తున్నా ఛార్జర్‌ను సాకెట్ నుంచి పీకేయండి. ల్యాన్ కేబుల్ ఉంటే అది కూడా.