సెయింట్ లూయిస్ బ్రౌన్స్ గెలిచిన ఒకే ఒక్క పెనెంట్

ఇప్పటి బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టు 1954కు ముందు బాల్టిమోర్‌లో లేదు. దాని పేరు సెయింట్ లూయిస్ బ్రౌన్స్. 1902 నుంచి 1953 దాకా ఆ పేరుతో ఆడిన జట్టు అమెరికన్ లీగ్ పెనెంట్, అంటే లీగ్ విజేత హోదా, గెలుచుకున్నది ఒక్కసారే, 1944లో. ఆ ఒక్కదాన్ని కూడా యుద్ధకాలపు గెలుపని తీసిపారేసేవాళ్లున్నారు. మంచి ఆటగాళ్లంతా సైన్యంలోకి పోయాక మిగిలినవాళ్ల మీద గెలిస్తే ఏం గొప్ప అని వాళ్ల వాదన. నాకు ఆ మాట అన్యాయంగా అనిపిస్తుంది.

అసలు 1944లో బ్రౌన్స్ సెయింట్ లూయిస్‌లో ఉండాల్సిందే కాదు. స్పోర్ట్స్‌మన్స్ పార్క్ మైదానం వాళ్లదే, అదే ఊరి మరో జట్టు కార్డినల్స్ అందులో అద్దెకుండేవాళ్లు. జనం మాత్రం కార్డినల్స్ ఆటలకే వెళ్లేవారు. 1935 సీజన్ మొత్తానికి బ్రౌన్స్ ఆటలు చూడ్డానికి వచ్చినవాళ్లు 80,922 మందే. యజమాని డొనాల్డ్ బార్న్స్‌కు ఓపిక నశించింది. జట్టును లాస్ ఏంజెలిస్‌కు తరలించాలని అంతా సిద్ధం చేసుకున్నాడు. మిగతా యజమానులు దానికి ఓటు వేయాల్సిన సమావేశం షికాగోలో 1941 డిసెంబర్ 8న. దానికి ముందురోజే జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. పడమటి తీరానికి జట్టును పంపే మాట ఇక ఎవరు వింటారు? ప్రతిపాదన వీగిపోయింది, బ్రౌన్స్ ఉన్నచోటే ఉండిపోయారు.

ఆట నడుస్తుందా లేదా అన్నదే అప్పుడు అందరి టెన్షన్. ఇంగ్లండ్‌లో కౌంటీ క్రికెట్ పోటీలు యుద్ధం మొదలయ్యాక ఆగిపోయాయి, మన దగ్గర రంజీ ట్రోఫీ ఆగలేదు. అమెరికాలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 జనవరి 15న బేస్‌బాల్ కమిషనర్ లాండిస్‌కు ఉత్తరం రాశాడు. ఆట కొనసాగడమే దేశానికి మేలని, పగలు పనిచేసేవాళ్లు చూసేలా రాత్రి ఆటలు పెంచితే బాగుంటుందని అందులో ఉంది. అయితే సైన్యానికి పనికొచ్చే వయసు ఆటగాళ్లు తప్పకుండా సైన్యంలోకి వెళ్లాలన్నది కూడా అందులోనే ఉంది. బాబ్ ఫెల్లర్, హాంక్ గ్రీన్‌బర్గ్, టెడ్ విలియమ్స్, జో డిమాజియో లాంటి పెద్ద పేరున్న ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. రైళ్ల మీద భారం తగ్గించడానికి సీజన్‌కు ముందు సాధన కూడా ఎండకాసే ఫ్లోరిడాలో కాకుండా దగ్గర్లోనే చేయాల్సి వచ్చింది. బ్రౌన్స్ తమ రాష్ట్రంలోనే, కేప్ జిరార్డోలో, చలికి ఓర్చుకుని సాధన చేశారు.

జట్టులో చాలామంది వైద్యపరీక్షలో సైన్యానికి పనికిరారని తేలినవాళ్లు. షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే, వెర్న్ స్టీఫెన్స్ మోకాలు బాగోలేదు. ఆ మోకాలితోనే 1944లో లీగ్‌లో అందరికంటే ఎక్కువగా, 109 పరుగులు రావడానికి అతని బ్యాట్ కారణమైంది. పిచర్, అంటే బంతి విసిరే ఆటగాడు, డెన్నీ గేల్‌హౌస్ ఏక్రన్‌లోని విమానాల ఫ్యాక్టరీలో వారమంతా పనిచేసి, కొంతకాలం ఆదివారాలు మాత్రమే వచ్చి బంతి విసిరాడు. మరో పిచర్ సిగ్ జకుకీ 1936 తర్వాత పెద్ద లీగ్ ముఖమే చూడలేదు. మేనేజర్, అంటే జట్టును నడిపించే కోచ్, ల్యూక్ స్యూవెల్ వీళ్లతోనే సీజన్‌లో మొదటి తొమ్మిది ఆటలూ వరసగా గెలిపించాడు.

చివరికి పోటీ డెట్రాయిట్ టైగర్స్‌తో మిగిలింది. ఆఖరి రోజు, అక్టోబర్ 1న, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఎప్పుడూ ఖాళీ సీట్లు కనిపించే మైదానంలో ఆ రోజు 37,815 మంది కిక్కిరిశారు. ఎదుట న్యూయార్క్ యాంకీస్, బంతి జకుకీ చేతిలో. యాంకీస్ 2-0 ఆధిక్యంలో ఉండగా బ్రౌన్స్ ఆటగాడు చెట్ లాబ్స్ హోమ్ రన్ (బంతిని మైదానం బయటికి కొట్టి, బేస్‌ల మీద ఉన్నవాళ్లతో సహా పరుగులు తెచ్చే దెబ్బ) కొట్టి స్కోరు సమం చేశాడు, తర్వాతి ఇన్నింగ్స్‌లో ఇంకొకటి కొట్టాడు. సీజన్ మొత్తంలో అతను కొట్టిన హోమ్ రన్లు ఐదే, అందులో రెండు ఆ పూటే! స్టీఫెన్స్ మరొకటి కలిపాడు. బ్రౌన్స్ 5-2తో గెలిచారు, డెట్రాయిట్ వాషింగ్టన్ చేతిలో ఓడింది. 89 గెలుపులు, 65 ఓటములు, ఒక్క ఆట తేడాతో పెనెంట్.

రెండు పెద్ద లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో ఎదురైంది అదే మైదానంలో అద్దెకుండే కార్డినల్స్. ఒక జట్టు ఊళ్లో ఉంటే రెండోది బయట ఆడేది కాబట్టి ఇద్దరు మేనేజర్లూ ఒకే అపార్ట్‌మెంట్ పంచుకునేవారు. సిరీస్ రోజుల్లో ఒకరు వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. తొలి ఆట గేల్‌హౌస్ 2-1తో గెలిపించాడు, చివరికి సిరీస్ 4-2తో కార్డినల్స్‌కు దక్కింది. బ్రౌన్స్ ఫీల్డింగ్‌లో పది తప్పులు చేశారు, కార్డినల్స్ ఒక్కటే.

ఆటగాళ్ల కొరత ఎంతవరకు వెళ్లిందంటే, ఆ ఏడాదే సిన్సినాటి రెడ్స్ 15 ఏళ్ల జో నక్స్‌హాల్‌తో బంతి వేయించారు. 1945లో బ్రౌన్స్ తరఫున కుడిచెయ్యి లేని పీట్ గ్రే 77 ఆటలు ఆడాడు. అతని పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ అప్పుడే గొప్ప ఆటగాళ్లు శాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ నల్లజాతివాళ్ల కోసం విడిగా ఉన్న నీగ్రో లీగుల్లో ఆడుతున్నారు, వాళ్లను ఒక్క జట్టూ పిలవలేదు. స్పోర్ట్స్‌మన్స్ పార్క్‌లో 1944 దాకా నల్లజాతి ప్రేక్షకులకు కూడా కుడివైపు ఒక స్టాండ్ మాత్రమే. అందుబాటులో ఉన్న గొప్ప ఆటగాళ్లు బరిలో లేరు కాబట్టి ఆ పెనెంట్ విలువ తక్కువంటే, నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ పెద్ద లీగులోకి వచ్చి ఆ అడ్డుగోడ తొలగించిన 1947కు ముందు ఎవరు గెలిచిన పెనెంట్ అయినా అదే లెక్కన తగ్గించాలి. ఆ పని ఎవరూ చేయరు, బ్రౌన్స్‌నే అంటారు.

ఆటగాళ్లు యుద్ధం నుంచి తిరిగొచ్చాక బ్రౌన్స్ మళ్లీ పట్టికలో కిందికి జారారు. బార్న్స్ 1941లో చేయాలనుకున్న పని ఇంకో యజమాని 1953లో మొదలుపెట్టాడు, జట్టు చేతులు మారి బాల్టిమోర్‌కు వెళ్లిపోయింది. లాస్ ఏంజెలిస్‌కు పెద్ద లీగ్ జట్టు 1958లో వచ్చింది, అది బ్రూక్లిన్ నుంచి వెళ్లిన డాడ్జర్స్.