హబుల్‌కి రోజు ఎలా గడుస్తుందంటే

పిల్లలూ,

"టెలిస్కోప్‌ని అంత పైన వదిలేశాక దాన్ని ఎవరు తిప్పుతారు తాతయ్యా? పగలంతా ఏం చేస్తుంది?" అని మొన్న ఫోన్లో అడిగారు. నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదని అప్పుడు దాటేశాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

హబుల్ అనే ఈ అంతరిక్ష టెలిస్కోప్ 1990 ఏప్రిల్‌లో పైకి వెళ్లింది. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో, దాదాపు 95 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. అంటే మనకు ఒక రోజు గడిచేలోపు దానికి 15 సార్లు తెల్లారి, 15 సార్లు పొద్దుగూకుతుంది. పగలు మనకు నక్షత్రాలు కనపడకపోవడానికి కారణం గాలి. ఎండను చెదరగొట్టి ఆకాశమంతా వెలుగు నింపేస్తుంది. అక్కడ ఆ గాలి లేదు కాబట్టి ఎండలో ఉన్నా ఆకాశం నల్లగానే ఉంటుంది, పని ఆగదు.

కానీ దానికి పెద్ద అడ్డం మన భూమే! అంత దగ్గర్లో తిరుగుతుంటే భూమి దాదాపు సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. ఒక గెలాక్సీని చూస్తూ ఉంటే, కాసేపటికి అది భూమి చాటుకు వెళ్లిపోతుంది. చుట్టు తిరిగొచ్చాక మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టాలి. సూర్యుడి వైపు అసలు తిరగకూడదు, అటు 50 డిగ్రీల లోపు ఉన్నదేదీ చూడదు. ఇవి చాలక, బ్రెజిల్‌కీ దక్షిణ అట్లాంటిక్‌కీ పైన ఒక చోట విద్యుత్ కణాలు జోరుగా కొడుతుంటాయి. దాని మీదుగా వెళ్లే ప్రతిసారీ ఫోటోలు తీయడం ఆపేస్తారు. ఇన్ని పోగా మిగిలిన నిమిషాలు ఎంత విలువైనవో మీరే ఆలోచించండి. హబుల్ టైమ్ టేబుల్ అంతా ఆ నిమిషాల కోసమే.

అసలు తిరగడానికే బోలెడు టైమ్ పడుతుంది. ఒకసారి గోడ గడియారం ముందు నిలబడి నిమిషాల ముల్లునే చూడండి. కదులుతున్నట్టే ఉండదు కదా? హబుల్ తిరిగే వేగం సరిగ్గా అంతే. 90 డిగ్రీలు తిరగడానికి 15 నిమిషాలు. ఇంధనం మండించి తిరగదు, ఆ పొగ అద్దం మీద పేరుకుంటే పాడైపోతుంది. లోపల బరువైన చక్రాలు ఉంటాయి. చక్రం ఒకవైపు తిరిగితే టెలిస్కోప్ మెల్లగా రెండోవైపు తిరుగుతుంది. తిరిగాక, ముందే ఎంచిపెట్టుకున్న నక్షత్రాలను గుర్తుపట్టి వాటి మీద చూపు నిలుపుకుంటుంది. ఆ నక్షత్రాలు దొరక్కపోతే ఆ పరిశీలన పోయినట్టే.

ఎప్పుడు ఏం చూడాలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, టెలిస్కోప్ కోసమే పెట్టిన సంస్థలో నిర్ణయిస్తారు. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా అర్జీ పెట్టుకోవచ్చు. 2018 నుంచి అర్జీలు చదివేవాళ్లకు రాసిందెవరో తెలియనివ్వరు. నాకు ఇది చాలా నచ్చిన ఏర్పాటు. పేరు చూసి కాకుండా ప్రశ్న చూసి టైమ్ ఇస్తారు. తర్వాత ఒక్కో వారానికి, సెకన్ల లెక్కతో సహా, పట్టిక తయారవుతుంది. ఆ ఆదేశాలు ఇంకా పైన ఉన్న ఉపగ్రహాల మీదుగా హబుల్‌కి చేరతాయి, ఫోటోలు అదే దారిలో కిందకు వస్తాయి. ఎక్కడైనా నక్షత్రం హఠాత్తుగా పేలిందనుకోండి, వేసిన పట్టికను పక్కన పెట్టి కొత్తది వేస్తారు.

వయసు మీద పడటంతో ఇప్పుడు దానికి కష్టాలు పెరిగాయి. ఎటు ఎంత తిరిగిందో చెప్పే గైరోస్కోప్‌లు 2009లో ఆరు కొత్తవి పెట్టారు, ఒక్కొక్కటీ పాడవుతూ వచ్చాయి. 2024 జూన్ నుంచి ఒక్కదాంతో నెట్టుకొస్తూ, ఇంకోదాన్ని దాచిపెట్టుకున్నారు. వారానికి 85 చుట్ల పని జరిగేది కాస్తా 74కు తగ్గింది. అయినా ఆగలేదు, అదే నాకు ముచ్చటేస్తుంది.

నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి చెప్తాను. 1995లో ఆ బాల్టిమోర్ సంస్థ డైరెక్టర్ రాబర్ట్ విలియమ్స్. డైరెక్టర్‌కు తన ఇష్టప్రకారం వాడుకోవడానికి కొంత టైమ్ ఉంటుంది. ఆయన అందులోంచి 10 రోజులు ఏమీ లేనట్టు కనపడే చోటును చూడటానికి కేటాయించాడు! వృథా అన్నవాళ్లూ ఉన్నారు. చోటును మాత్రం బాగా ఎంచారు. సప్తర్షి మండలంలో, హబుల్ ఎన్ని చుట్లు తిరిగినా భూమి అడ్డురాని దిక్కులో ఉందది. చెయ్యి చాచి వేళ్ల మధ్య ఇసుక రేణువు పట్టుకుంటే అది ఎంత ఆకాశాన్ని కప్పుతుందో, అంత చోటు. 342 ఫోటోలు తీసి కలిపితే అందులో 3,000 దాకా గెలాక్సీలు కనపడ్డాయి.

ఆ ఫోటో ప్రింట్ తీయించి పెట్టాను, వచ్చినప్పుడు చూద్దురు. చుట్టూ ముళ్లలాంటి గీతలతో మెరిసేవి మన గెలాక్సీలోని నక్షత్రాలు, అవి కొన్నే. మిగతా మరకలూ చుక్కలూ అన్నీ గెలాక్సీలే. భూతద్దం కూడా పక్కనే పెట్టాను.

మీ తాతయ్య