జైళ్ళలోకి యోగా, ధ్యానం ఎలా వచ్చాయి?

జూన్ 21 వచ్చిందంటే చాలు ఖైదీలు వరసగా కూచుని ఆసనాలేస్తున్న ఫోటోలు పేపర్లో వస్తాయి, 2014లో ఐక్యరాజ్యసమితి యోగా డే ప్రకటించాక మొదలైన తంతు ఇది అనుకుంటారు చాలామంది. కానీ కథ అంతకన్నా పాతది, మధ్యలో ఏళ్ళకేళ్ళు ఆగిపోయింది కూడా.

జైలు, ధ్యానం అంటే ముందు అరవిందులే గుర్తొస్తారు. 1908లో అలీపూర్ బాంబు కేసులో అరెస్టయి ఏడాది లోపల ఉన్నారు, ఆ సెల్లో తన సాధన ఎటు తిరిగిందో 1909లో ఉత్తరపారా సభలో ఆయనే చెప్పారు. అయితే అది ఆయన సొంతంగా చేసుకున్నది, జైలు వాళ్ళు నేర్పింది కాదు. అప్పటి 1894 ప్రిజన్స్ యాక్ట్ చూస్తే కాపలా, పని, సంకెళ్ళు, శిక్షలు, ఇదే గొడవంతా.

అసలు మలుపు 1975, జైపూర్ సెంట్రల్ జైలు. రాజస్థాన్ హోం సెక్రటరీగా ఉన్న రామ్ సింగ్ తనే ఒక విపశ్యన (బౌద్ధ సంప్రదాయంలోని ఒక ధ్యాన పద్ధతి) కోర్సు చేసొచ్చి, ఇదేదో ఖైదీలకి పెట్టి చూద్దాం అనుకున్నారు. నేర్పింది ఎస్.ఎన్. గోయెంకా, 1969లో బర్మా నుంచి ఇండియా వచ్చిన వ్యాపారి. 120 మంది ఖైదీలు కూర్చున్నారు. వాళ్ళలో కొందరు కరుడుగట్టిన నేరస్తులని సంకెళ్ళతోనే తీసుకొస్తే, సంకెళ్ళు తీస్తేనే పాఠం చెప్తానని గోయెంకా పట్టుబట్టారు, సెక్యూరిటీ వాళ్ళు భయపడ్డారు, ఆఖరికి తీశారు.

ఇక్కడొకటి చెప్పాలి, విపశ్యన అంటే ఆసనాలు కాదు, వార్తల్లో అన్నీ కలిపి యోగా అనేస్తుంటారు. పొద్దున నాలుక్కి లేవాలి, రోజుకి పది గంటల దాకా కూర్చోవాలి, పది రోజుల్లో దాదాపు అన్ని రోజులూ మౌనం, చదవడం రాయడం ఉండదు, మొదట్లో ఊపిరి మీదే ధ్యాస పెట్టి తర్వాత ఒంట్లో కలిగే ప్రతి స్పర్శనీ గమనించాలి. ఆసనాల క్లాసంటే గంటలో అయిపోతుంది, దీనికి మాత్రం వేరే వార్డు, వేరే టైంటేబుల్ కావాలి, పైనున్న అధికారి ఊఁ అనకపోతే ఒక్క రోజు కూడా నడవదు.

నడవలేదు కూడా. జైపూర్లో 1977లో ఇంకో కోర్సు జరిగాక పదేళ్ళకు పైగా జైళ్ళలో దాని ఊసే లేదు, 1990ల మొదట్లో బరోడా జైల్లో మళ్ళీ కదిలింది. 1993లో కిరణ్ బేడీ తిహార్‌కి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చారు, ఆ నవంబర్లోనే కోర్సు పెట్టించారు, 1994 ఏప్రిల్లో ఏకంగా వెయ్యి మందికి పైగా ఖైదీలతో గోయెంకాయే వచ్చి నడిపారు, అదే ఏడాది జైల్లో శాశ్వత కేంద్రం కూడా పెట్టారు. 1995లో ఆవిడ తిహార్ నుంచి వెళ్ళిపోయినా తిహార్లో కోర్సులు ఆగలేదంటే ఆ కేంద్రమే కారణం అని నాకనిపిస్తుంది, లేకపోతే జైపూర్ కథే అయ్యేది.

బయటి దేశాల్లో ఇంకో దారిలో వెళ్ళింది. అమెరికాలో 1973లో బో లోజాఫ్, రామ్ దాస్ అనే ఇద్దరు అమెరికన్లు ఖైదీలకి ఉత్తరాలు, పుస్తకాలు పంపడంతో మొదలెట్టారు, 1988లో ఇంగ్లండ్‌లో ప్రిజన్ ఫీనిక్స్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళదీ ఉత్తరాల దారే. తిహార్ మీద 1997లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, అదే ఏడాది సియాటిల్ దగ్గర జైల్లో పది రోజుల కోర్సు పెట్టారు, 2002లో అలబామాలో డొనాల్డ్‌సన్ అనే కట్టుదిట్టమైన జైల్లో కూడా జరిగింది, కానీ అక్కడ ఇది వేరే మతం నేర్పడమేనని గొడవొచ్చి కొన్నాళ్ళు ఆపేసి మళ్ళీ మొదలెట్టారు.

పనిచేస్తుందా అంటే, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఏడు బ్రిటిష్ జైళ్ళలో పది వారాలు యోగా చేయించి చూస్తే స్ట్రెస్ తగ్గింది, తొందరపాటు కూడా కాస్త అదుపులోకొచ్చింది. మరోపక్క 2005లో నార్వేలో రింగెరికె జైలు యోగా క్లాసులు ఆపేసింది, కొందరు ఖైదీలు ఇంకా చిరాగ్గా, దూకుడుగా తయారయ్యారని. ఈ రెండోది మన దగ్గర ఎవరూ చెప్పరు.

మన దగ్గర చెప్పేదల్లా రెమిషన్ (శిక్షాకాలం తగ్గింపు) గురించే. 2010లో మధ్యప్రదేశ్‌లో మూడు నెలలు యోగా చేస్తే పదిహేను రోజుల శిక్ష తగ్గిస్తామన్నారు, వినడానికి బానే ఉంది, కానీ రెమిషన్ అనేది శిక్ష పడ్డవాళ్ళకే. 2022 చివరికి దేశంలో ఖైదీలు 5.7 లక్షల పైన, అందులో 4.3 లక్షల మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి ఇంకా శిక్షే పడలేదు, తగ్గించడానికి.