గ్యాస్ ఎక్కడికి పోయింది?

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలులో కార్ల ఏసీ పనులు చేసే షెడ్లకు గిరాకీ మొదలవుతుంది. వచ్చిన ప్రతి ఓనరూ చెప్పేది దాదాపు ఒకటే మాట: "భాయ్, కూలింగ్ రావట్లేదు. గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టెయ్." భాయ్ కొట్టేస్తాడు. గాలి మళ్లీ చల్లగా వస్తుంది, ఇద్దరికీ సంతోషం. వచ్చే వేసవికో, ఇంకా ముందే దసరాకో అదే కారు, అదే మాట. ఇలా కొన్నేళ్లు నడిచాక ఒకరోజు బానెట్ కింద గరగరమని చప్పుడు వస్తుంది. ఆ తర్వాత చేతికొచ్చే ఎస్టిమేషన్ చిన్న కారుకైనా ఐదంకెల్లో ఉంటుంది. కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఆయిల్, గ్యాస్, లేబర్ అన్నీ కలిపి పెద్ద చీటీ. ఒక్క కంప్రెసర్ పోతే ఇన్నెందుకు మార్చాలి, దోపిడీ కాకపోతే అనిపిస్తుంది. కొన్నిచోట్ల దోపిడీయే. చాలాసార్లు మాత్రం ఆ చీటీ వెనక సరైన కారణమే ఉంటుంది. దానికి బీజం పడింది మొన్న చప్పుడు వచ్చినప్పుడు కాదు, మొదటిసారి "గ్యాస్ కొట్టెయ్" అన్నప్పుడు.

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలిసిందే. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. కారు ఏసీ చేసేదీ ఇదే పని. తేడా ఎక్కడంటే, కుండ మీంచి లేచిన ఆవిరి గాల్లో కలిసిపోతుంది కాబట్టి మనం మళ్లీ నీళ్లు పోయాలి. ఏసీలో ఆవిరైన గ్యాస్ గొట్టాలు దాటి ఎక్కడికీ పోదు. దాన్నే కంప్రెసర్‌తో నొక్కి, కండెన్సర్‌లో మళ్లీ ద్రవంగా మార్చి, తిరిగి వాడుకుంటాం. అందుకే అది ఖర్చయ్యే సరుకు కాదు. రబ్బరు గొట్టాల గుండా, సీళ్ల గుండా ఏడాదికి కొన్ని గ్రాములు ఊరిపోవడం మామూలే. చాలా ఏళ్లకోసారి కాస్త నింపడంలో వింత లేదు. ఏటేటా నింపాల్సి వస్తుందంటే మాత్రం ఎక్కడో బొక్క ఉన్నట్టే.

మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఆర్-134ఏ. మామూలు గాలి పీడనం దగ్గర ఇది మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనకుండే కూలింగ్ కాయిల్‌లో 3 బార్ల చిల్లర పీడనం దగ్గర (బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత), సున్నాకు కాస్త పైన మరుగుతూ, బ్లోయర్ తోసే గాలిలోంచి వేడిని లాగేసుకుంటుంది. అక్కడ కిలో ద్రవం ఆవిరి కావాలంటే దాదాపు 200 కిలోజౌళ్ల వేడి కావాలి. నీటితో పోలిస్తే ఇది పదోవంతు కూడా కాదు. కానీ అంత చల్లటి చోట నీళ్లు మరగాలంటే గొట్టాల్లో దాదాపు శూన్యం ఉండాలి, అది కారులో కుదిరే పని కాదు.

అలా లాగిన వేడిని ఇప్పుడు బయట పారబోయాలి. కష్టమంతా ఇక్కడే. వేడి తనంతట తాను వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకే పోతుంది. మే నెల మధ్యాహ్నం కర్నూలులో బంపర్ వెనకున్న కండెన్సర్‌కు తగిలే గాలే 43, 44 డిగ్రీలుంటే, ఆ గాలికి వేడి అప్పజెప్పాల్సిన గ్యాస్ 60 డిగ్రీల దాకా వేడెక్కి ఉండాలి. 60 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ ద్రవం కావాలంటే దాన్ని దాదాపు 17 బార్లకు నొక్కాలి. బెంగళూరులో 30 డిగ్రీల రోజున అదే కారుకు 12, 13 బార్లతో పని జరిగిపోతుంది. కాబట్టి మన ఎండల్లో కంప్రెసర్ మీద భారం ఎక్కువ, అందులో ఏ చిన్న లోపం ఉన్నా ముందు బయటపడేది ఇక్కడే. నేషనల్ హైవే మీద పోతున్నంతసేపూ చల్లగా ఉండి, బళ్లారి చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే గ్యాస్ జోలికి పోకుండా ముందు కండెన్సర్ ఫ్యాన్ చూపించాలి. గాలే బలంగా రావట్లేదంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడాలి. ఈ రెండూ చిన్న ఖర్చులే.

అన్నట్టు, 1940 మోడల్‌గా అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తెచ్చిన కారు ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మిన తొలి కార్లలో ఒకటి. దాని కంప్రెసర్‌కు క్లచ్, అంటే ఇంజిన్ బెల్టుతో కావాలన్నప్పుడు కలిపి, వద్దన్నప్పుడు విడదీసే భాగం, లేదు. చలికాలంలో ఏసీ ఆపాలంటే ఇంజిన్ ఆపి, దిగి, బెల్టు ఊడదీయాలి. ఇప్పుడు మనం బటన్ నొక్కగానే వినిపించే ఆ "టక్" విలువ అప్పటివాళ్లకు తెలిసుండాలి.

ఇక బొక్క సంగతి. కండెన్సర్ కారుకు ముందు భాగంలో ఉంటుంది. బేతంచెర్ల వైపు నాపరాళ్ల లారీల వెనక తిరిగే బండ్లకు రాతి ముక్కలు తగలడం ఖాయం. పైపుల జాయింట్ల దగ్గరి రబ్బరు రింగులు ఎండిపోతాయి. కంప్రెసర్ ఇరుసు సీలు కూడా అంతే. మైలేజీ కోసమని నెలల తరబడి ఏసీ వెయ్యనివాళ్ల కార్లలో ఆ సీలుకు నూనె అందక ముందే దెబ్బతింటుంది. చలికాలంలో కూడా వారానికోసారి కాసేపు ఏసీ వెయ్యమనేది అందుకే. అన్నిటికంటే తలనొప్పి కూలింగ్ కాయిల్. దుమ్ము, తేమ కలిసి అల్యూమినియాన్ని తినేసి సన్నటి చిల్లు చేస్తాయి. దాన్ని చేరాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. కాయిల్ ధర కంటే ఆ విప్పి బిగించే లేబరే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

ఒక షెడ్డులో భాయ్ పని చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. టార్చి వేసి కండెన్సర్ కింది మూల చూపించాడు. మిగతా అంతా పొడి దుమ్ము, అక్కడ మాత్రం అరచేతి వెడల్పున తడి తడిగా, నల్లగా దుమ్ము అంటుకుపోయి ఉంది. గ్యాస్‌తో పాటు బయటికొచ్చిన నూనె అది. దాన్ని గుడ్డతో తుడిచి, గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నీళ్లు చల్లాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ ఒకటి లేచి, ఉబ్బి, పగిలింది. అదే చోట ఇంకొకటి. "గ్యాస్ యాడికి పోతాది సార్? బొక్క ఉంటేనే పోతాది" అన్నాడు. గాలి కంప్రెసర్ ఉండగా నైట్రోజన్ ఎందుకంటే, మామూలు గాలిలో తేమ ఉంటుంది. ఆ తేమ లోపలికి పోతే, ద్రవాన్ని సన్నటి దారిలోంచి కూలింగ్ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకడుతుంది, నూనెతో, గ్యాస్‌తో కలిసి ఆమ్లాలు పుట్టించి లోహాన్ని తింటుంది.

ఆ తడి మరకలోని నూనె దగ్గరే అసలు కథ ఉంది. ఇంజిన్‌కు ఉన్నట్టు కారు ఏసీ కంప్రెసర్‌కు నూనె పంపడానికి వేరే పంపు ఉండదు. చిన్న కార్లలో ఉండేదే వంద, నూటయాభై మిల్లీలీటర్లు. ఆ నూనె గ్యాస్‌లో కలిసి, గ్యాస్‌తో పాటే అన్ని గొట్టాలూ చుట్టి తిరిగి కంప్రెసర్‌కు చేరాలి. గ్యాస్ తగ్గితే నూనెను మోసుకొచ్చేదీ తగ్గుతుంది. తిరిగొచ్చే చల్లటి గ్యాసే కంప్రెసర్‌ను చల్లబరిచేది కూడా, అదీ తగ్గుతుంది. గ్యాస్ మొత్తం పోతే బాధ లేదు, లో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు. ప్రమాదమంతా సగం సగం ఉన్నప్పుడే. స్విచ్ ఆపదు, గాలి "పర్వాలేదు" అన్నంత చల్లగా వస్తుంది, లోపల పిస్టన్లు మాత్రం నూనె చాలక రాసుకుంటుంటాయి. ఏటా గ్యాస్ మాత్రమే కొట్టించి, బొక్కలోంచి కారిన నూనె ఊసెత్తని కార్లలో జరిగేది ఇదే.

రాపిడికి రాలిన అల్యూమినియం పొడి గ్యాస్‌తో కొట్టుకుపోయి నేరుగా కండెన్సర్‌లో పడుతుంది. ఇప్పటి కండెన్సర్లలో గొట్టాలు బల్లపరుపుగా ఉండి, లోపల మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే సన్నటి దారులుంటాయి. పొడి వాటిలో ఇరుక్కుంటే ఎంత ఫ్లష్ చేసినా పూర్తిగా రాదు. ఆ స్థితిలో కొత్త కంప్రెసర్ ఒక్కటే బిగిస్తే మిగిలిన పొడి కొన్నాళ్లకు దాన్నీ అరగదీస్తుంది. చీటీ అంత పొడవుగా ఉండటానికి కారణం ఇదే. డ్రయర్ సంగతి వేరు, అందులోని తేమ పీల్చే గుళికలు గాలి తగిలితే చాలు నిండిపోతాయి. సిస్టమ్ విప్పినప్పుడల్లా అది కొత్తది వెయ్యాల్సిందే. దాన్ని మార్చకపోతే కొత్త కంప్రెసర్‌కు వారంటీ ఇవ్వని కంపెనీలున్నాయి.

గ్యాస్ ఎంత ఉందో మీటరు చూసి చెప్పేస్తామనేవాళ్లను నేను నమ్మను. కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. ఏసీ ఆపేసిన కారుకు మీటరు బిగిస్తే నీలం (తక్కువ పీడనం వైపు), ఎరుపు (ఎక్కువ పీడనం వైపు) ముళ్లు రెండూ ఒకే చోట నిలుస్తాయి. 40 డిగ్రీల ఎండలో అది సుమారు 130 పీఎస్‌ఐ, అంటే మీటరు మీద దాదాపు 9 బార్లు. లోపల 400 గ్రాములున్నా అంతే, 200 ఉన్నా అంతే. కాస్తయినా ద్రవం మిగిలి ఉన్నంతవరకు పీడనం వేడిని బట్టి ఉంటుంది కానీ పరిమాణాన్ని బట్టి కాదు. బండి నడుస్తున్నప్పుడు అంకెలు కొంత చెబుతాయి, అవీ ఎండను, ఫ్యాన్‌ను బట్టి మారిపోతాయి. చూపుడువేలు పైపు మీద పెట్టి "సరిపోయింది" అనడం అంతకంటే గుడ్డి లెక్క. సరైన దారి ఒకటే: ఉన్నదంతా తీసేసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించడం. ఎక్కువైనా నష్టమే. అదనపు ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమించి పీడనం పెంచుతుంది, చల్లదనం తగ్గుతుంది.

ఎక్కించే ముందు వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. గాలి లాగెయ్యడం ఒక్కటే దాని పని కాదు. పీడనం బాగా తగ్గితే లోపల దాగిన తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలబడిందా లేదా పక్కనుండి చూడండి. పదినిమిషాల్లో ముల్లు పైకి జరుగుతోందంటే బొక్క ఇంకా ఉంది, గ్యాస్ ఎక్కించడం దండగ.

చవక సిలిండర్ల జోలికి పోవద్దని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2011లో ఓడల మీద సరుకు మోసే శీతల కంటైనర్లు కొన్ని పేలి మనుషులు చనిపోయారు. ఆర్-134ఏ పేరుతో అమ్మిన నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసింది. అది అల్యూమినియంతో చర్య జరిపి గాలి తగిలితే భగ్గుమనే పదార్థాన్ని పుట్టిస్తుంది.

అసలు గ్యాస్‌కూ దాని పాపం దానికుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం ఓజోన్‌ను తినే పాత ఏసీ గ్యాస్ ఆర్-12ను సాగనంపితే దాని స్థానంలో వచ్చింది ఆర్-134ఏ. ఓజోన్‌కు హాని లేదు కానీ భూమిని వేడెక్కించడంలో బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1400 రెట్లు. ఒక్క చిన్న కారులోని 400 గ్రాములు గాల్లో కలిస్తే, దాదాపు 250 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. దీన్నీ క్రమంగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి, భారత్ 2021లో ఆమోదించింది. కొత్త గ్యాస్ ఆర్-1234వైఎఫ్ ఈ విషయంలో చాలా మెరుగు, ధర మాత్రం బాగా ఎక్కువ.

పెద్ద చీటీ చేతికొచ్చాక సెకండ్‌హ్యాండ్ కంప్రెసర్ వేస్తే ఎలా అనే ఆలోచన సహజం. నా మటుకు నేను వద్దనే అంటాను. స్క్రాప్‌లో మూతుల్లేకుండా పడున్న దాంట్లో ఎంత తేమ చేరిందో, దాని పాత కారు ఎందుకు మూలపడిందో ఎవరూ చెప్పలేరు. డబ్బు మిగుల్చుకునే చోటు కండెన్సర్ దగ్గరుంది. పాత కంప్రెసర్ విప్పగానే అందులోని నూనెను తెల్ల కాగితం మీద ఒంపమనండి. తేటగా ఉంటే లోపల పొడి రాలలేదు, క్లచ్చో బేరింగో పోయింది, కండెన్సర్ మార్చాల్సిన పని లేదు. నల్లబడి, అందులో వెండి రజను మెరుస్తుంటే మాత్రం బేరం ధర మీద ఆడండి కానీ పార్టుల మీద ఆడొద్దు. ఎక్కించిన గ్యాస్ ఎన్ని గ్రాములో, ఆయిల్ ఎన్ని మిల్లీలీటర్లో బిల్లు మీదే రాయించుకోండి. మళ్లీ ఎప్పుడైనా కూలింగ్ తగ్గితే, గ్యాస్ బయటికి తీసి తూచినప్పుడు ఎంత పోయిందో ఆ అంకెతో తేలిపోతుంది.