మూర ఎవరి చేతిది?

బసవనగుడి, బెంగళూరు
ధనుర్మాసం, గురువారం

చిట్టికి, బుజ్జికి, మన వీధి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, డిసెంబరు 10న మీ బడిలో మానవ హక్కుల దినం జరిపారనీ, వ్యాసం రాయించారనీ చెప్పావు. ఆ వెంటనే అడిగావు: "హక్కులు పుట్టుకతోనే వస్తాయని రాయించారు కదా తాతయ్యా, పుట్టుకతో వచ్చినదాన్ని మళ్లీ బడిలో నేర్పడమెందుకు?" బుజ్జిగాడు ఇంకొకటి తగిలించాడు: "వ్యాసం రాసేటప్పుడు మాట్లాడినవాళ్లని బయట నిలబెట్టారు. వాళ్లకి హక్కుల్లేవా?"

నోటిమాటగా చెప్పి వదిలేసే ప్రశ్నలు కావివి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందు గాంధీ బజారు పూలదండ సంగతి చూద్దాం.

దండని మూర లెక్కన అమ్ముతారని మీకు తెలుసు. ఇక్కడివాళ్లు మొళ అంటారు. మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా మూర. రెండు జానలు మూర, రెండు మూరలు గజం, అంటే మూర 18 అంగుళాలు ఉండాలి. కానీ ఎవరి మోచెయ్యి? అమ్మే ఆవిడది. చేతులు పొడుగున్న ఆవిడ దగ్గర కొన్నవాళ్లకి రెండంగుళాలు కలిసొస్తుంది, పొట్టి చేతుల ఆవిడ దగ్గర రెండంగుళాలు పోతుంది. ఇద్దరూ న్యాయంగానే కొలిచారు. మోసం చెయ్యాలనుకునేవాళ్లకి వేరే దారులున్నాయి. దండ మోచేతిదాకా రాకుండానే మడిచెయ్యడం ఒకటి. దారం బిగలాగి కొలవడం ఒకటి. అన్నిటికన్నా కనిపెట్టలేనిది, ముడికీ ముడికీ మధ్య వేలెడు ఖాళీ వదిలి కట్టడం. మూర సరిగ్గా ఉంటుంది, దండలో పూలు మాత్రం ఉండవు.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. మా తరం చిన్నప్పుడు గింజలకి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం ఉండేవి. బరువుకి వీశె, మణుగు. ఊరు మారితే కుంచం మారేది. వడ్లు అమ్మేటప్పుడు ఒక కుంచం, అప్పు వసూలు చేసుకునేటప్పుడు ఇంకో కుంచం పెట్టే ఆసాములూ ఉండేవారు. నష్టపోయేది ఎప్పుడూ కుంచం సొంతంగా లేనివాడే. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాముల్ని తెచ్చారు. చట్టం వచ్చినంత మాత్రాన జనానికి కిలో తెలిసిపోలేదు. వీశె ఎంత, కిలో ఎంత అని పట్టికలు అచ్చువేసి గోడలకి అంటించి నేర్పాల్సి వచ్చింది. చిట్టీ, నీ ప్రశ్నకి సగం జవాబు ఆ గోడల మీదే ఉంది.

హక్కుల చరిత్ర చాలామటుకు ఈ మూర తగాదానే. 1789లో ఫ్రాన్సులో మనిషికీ పౌరుడికీ ఉండే హక్కులని ఒక ప్రకటన చేశారు. ఆ మూర మగవాడి చేతిది. ఒలింప్ ద గూజ్ అనే ఆవిడ 1791లో స్త్రీలకూ అదే వర్తించాలని ఇంకో ప్రకటన రాసింది. 1793లో ఆవిడ తల తీసేశారు. తరువాత ఒకటిన్నర శతాబ్దానికి, రెండు ప్రపంచ యుద్ధాలయ్యాక, ఐక్యరాజ్యసమితిలో హక్కుల ప్రకటన ముసాయిదా తయారవుతున్నప్పుడు మొదటి అధికరణం మళ్లీ "మగవాళ్లందరూ" అనే అర్థం కూడా వచ్చే మాటతోనే మొదలైంది. మన దేశం తరఫున కూర్చున్న హంసా మెహతా ఒప్పుకోలేదు. ఆ మాట అలాగే ఉంచితే ఆడవాళ్లని వదిలేసే దేశాలుంటాయని పట్టుబట్టి "మానవులందరూ" అని మార్పించారు. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఓటు వేశారు. 48 దేశాలు ఔనన్నాయి, 8 ఎటూ చెప్పలేదు, కాదన్న దేశం ఒక్కటీ లేదు. 30 అధికరణాలు. గుజరాతీ ఇంటి ఆడపడుచు ఒక్క మాట మార్పించడంతో ప్రపంచం మూర మారింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చిట్టీ, ఇప్పుడు నీ ప్రశ్న. పూలకి డబ్బులిచ్చావు కాబట్టి మూర నీది. మూరంటే ఎంతో తెలియకపోతే తక్కువ వచ్చిందని నీకు ఎలా తెలుస్తుంది? హక్కు పుట్టుకతో వస్తుంది, దాని కొలత ఒకరు చెప్తేనే వస్తుంది. ఆ ప్రకటన రాసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. బోధన ద్వారా, విద్య ద్వారా ఈ హక్కుల పట్ల గౌరవం పెంచాలని పీఠికలోనే రాశారు. 26వ అధికరణం చదువు అందరి హక్కు అని చెప్పి, ఆ చదువు హక్కుల పట్ల గౌరవాన్ని బలపరచాలని కూడా అంటుంది. 1989లో వచ్చిన బాలల హక్కుల ఒడంబడికలో 42వ అధికరణం ఇంకా సూటిగా ఉంటుంది: ఇందులో ఏముందో పెద్దలకీ పిల్లలకీ ప్రభుత్వాలే తెలియజెప్పాలి. మన దేశం 1992లో అందులో చేరింది. మన జాతీయ మానవ హక్కుల కమిషన్‌ని పెట్టిన 1993 చట్టంలో కూడా, హక్కుల గురించిన అక్షరాస్యతని సమాజంలో వ్యాప్తి చెయ్యడం కమిషన్ పనుల్లో ఒకటని ఉంది.

బుజ్జీ, నీ ప్రశ్న ఇంకా లోతైనది. ఈ హక్కుల విద్య గురించి పరిశోధన చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్‌లో 1969 నుంచి, కోస్టారికాలో 1980 నుంచి దీనికోసమే సంస్థలున్నాయి. మన నాగరభావిలోని లా స్కూల్లో పిల్లలు, చట్టం అనే అంశానికి ఒక కేంద్రమే ఉంది. వీళ్లంతా తిప్పితిప్పి మాట్లాడేది మూడు మాటల చుట్టూ: హక్కుల గురించి నేర్పడం, హక్కుల ద్వారా నేర్పడం, హక్కుల కోసం నేర్పడం. 2011 డిసెంబరు 19న ఐక్యరాజ్యసమితి చేసిన మానవ హక్కుల విద్య ప్రకటనలో ఈ మూడూ వరసగా ఉన్నాయి.

మళ్లీ దండ దగ్గరికే వస్తాను. "గురించి" అంటే పొడుగు. 1948, 30 అధికరణాలు, వ్యాసం, మార్కులు. ఇది సులువు, పరీక్ష పెట్టొచ్చు, అందుకే బడులు ఇక్కడే ఆగిపోతాయి. "ద్వారా" అంటే అల్లిక. నేర్పే తీరులోనే హక్కు ఉండాలి. గురువుగారు పిల్లల మాట వినకుండా, మాట్లాడేవాణ్ణి బయట నిలబెట్టి, భావప్రకటన స్వేచ్ఛ మీద వ్యాసం రాయిస్తే అది ఖాళీలు వదిలి కట్టిన దండ. నువ్వు చూసింది అదే. "కోసం" అంటే కొస ముడి. ముడి గట్టిగా లేకపోతే మెడలో వేసుకోగానే దండ ఊడిపోతుంది. నీ హక్కుకో పక్కవాడి హక్కుకో దెబ్బ తగిలినప్పుడు ఎవరిని, ఎలా అడగాలో తెలియడమే ఆ ముడి.

బయట నిలబెట్టడం గురించి చట్టం ఏమంటుందో కూడా చెప్తాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. అందులో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 29వ సెక్షన్ చదువు పిల్లల్ని భయం నుంచి, గాయం నుంచి, ఆందోళన నుంచి విడిపించాలనీ, అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పుకునేలా చెయ్యాలనీ చెబుతుంది. 32వ సెక్షన్ ప్రకారం స్థానిక అధికారికి ఫిర్యాదు రాసిస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేలకపోయినా, తేల్చింది నచ్చకపోయినా, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అంతదూరం పోనక్కర్లేదు, ముందు మీ క్లాసు టీచరుతో నిదానంగా మాట్లాడండి. చాలామంది టీచర్లు చెప్తే వింటారు, నలభైమందిని ఒక్కరే చూసుకునే కష్టం వాళ్లది.

వార్సా నగరంలో యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టరు 1912 నుంచి ఒక అనాథాశ్రమం నడిపాడు. అక్కడ పిల్లలే నడిపే న్యాయస్థానం ఉండేది. న్యాయమూర్తులు ఐదుగురు, అందరూ పిల్లలే, చీటీలు తీసి ఎంపిక చేసేవారు. ఎవరు ఎవరి మీదైనా ఫిర్యాదు రాయొచ్చు. డాక్టరుగారి మీద కూడా రాశారు, ఆయన వచ్చి వాళ్లముందు నిలబడ్డాడు. వాళ్ల నియమావళిలో మొదటి 99 అధికరణాలూ క్షమించడానికే. శిక్షలు 100 నుంచి మొదలై, వందలు వందలుగా పెరిగి, 1000 అంటే ఇక ఆశ్రమంలో ఉండలేరని. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లల్ని చంపడానికి తీసుకుపోయినప్పుడు, తప్పించుకునే అవకాశం ఉన్నా వదులుకుని ఆయన వాళ్లతోపాటే వెళ్లాడు. బాలల హక్కులకి ఒక ఒడంబడిక ఉండాలని 1978లో ప్రతిపాదించింది ఆయన దేశం పోలండే. ఈ సంగతిని నేనింతకంటే వివరించలేను. ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

పెద్దవాళ్లు తరచు చేసే పొరపాటొకటి చెప్పాలి. "బాధ్యతలు నెరవేరిస్తేనే హక్కులు" అంటారు. గాంధీగారు 1947లో యునెస్కోకి రాసిన జవాబులో, హక్కులన్నీ చక్కగా నిర్వర్తించిన కర్తవ్యం నుంచే వస్తాయని, చదువురాని తన తల్లి దగ్గర నేర్చుకున్నానని చెప్పారు. ఎవరి కర్తవ్యం వాళ్లు చూసుకోవడానికి అది గొప్ప మాట. దాన్నే తిప్పి, హోంవర్క్ చెయ్యనివాడికి ఆటల పీరియడ్ లేదనడానికి వాడితే హక్కు బహుమానం అయిపోతుంది. పూలావిడ మంచి మాటలాడినవాళ్లకే పూర్తి మూర ఇస్తానంటే ఒప్పుకుంటామా?

ఇక మీరు చెయ్యగలిగిన పని. సంక్రాంతి తరువాత టీచరుని అడిగి రెండు పీరియడ్లు తీసుకోండి. నలభైమంది ఉంటే ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు. జట్టు నాయకుల్ని చీటీలతో తియ్యండి, లేకపోతే ఎప్పుడూ ఫస్టు వచ్చేవాళ్లే అవుతారు. ముప్పై అధికరణాలూ వద్దు, నాలుగు చాలు: 1 సమానత్వం, 5 హింస, అవమానం కూడదని, 19 అభిప్రాయం, 24 విశ్రాంతి. ఒక్కొక్కటి రెండేసి జట్లకి ఇవ్వండి. మొదటి మూడు నిమిషాలు ఎవరికి వాళ్లు మౌనంగా రాసుకోవాలి. ఇది తప్పితే గొంతున్న పిల్లలవే మాటలు మిగులుతాయి. తరువాత ఇరవై నిమిషాలు మాట్లాడుకుని, మన క్లాసులో అది ఎలా కనబడాలో ఒక్కో వాక్యం రాయాలి. వాక్యానికి పరీక్ష ఒకటే: మంగళవారం క్లాసులో అది జరిగిందో లేదో కళ్లతో చూసి చెప్పగలమా? "అందరినీ గౌరవిస్తాం" పనికిరాదు. "ఒకరు తప్పు చదివితే నవ్వం" పనికొస్తుంది. ఎనిమిది వాక్యాలు దాటనివ్వకండి. టీచరు కూడా సంతకం పెట్టాలి, లేకపోతే అది పిల్లలకి మాత్రమే పెట్టిన నిబంధన అవుతుంది. "చేయరాదు" అనే మాట రెండుసార్లకన్నా ఎక్కువ వస్తే అది హక్కుల పట్టిక కాదు, నోటీసు బోర్డు. మళ్లీ మొదలుపెట్టండి.

నాలుగు వారాలయ్యాక ఒక డబ్బా పెట్టి, ఎక్కడ తప్పుతోందో పేరు లేని చీటీల మీద రాయించండి. ఈ మెట్టు వదిలేస్తే ఆ ఎనిమిది వాక్యాల చార్టు గోడమీద దుమ్ము పట్టిపోతుంది. చీటీలో ఎవరి పేరైనా ఉంటే పైకి చదవకూడదు. ఎవరో పెద్దవాళ్లు కొడుతున్నారనో, బాధ పెడుతున్నారనో ఉంటే ఆ చీటీ నలుగురికీ చూపకుండా నమ్మకమైన పెద్దల చేతికివ్వండి. 1098కి ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా పలుకుతారు, డబ్బులు పడవు.

మన కర్ణాటక పల్లెల్లో మక్కళ గ్రామసభలని, అంటే పిల్లల గ్రామసభలని, జరుపుతారు. బడిలో మరుగుదొడ్డి లేదనో, దారిలో దీపం వెలగట్లేదనో పిల్లలు లేచి అడిగితే పంచాయతీవాళ్లు జవాబు చెప్పాలి. ఈసారి మీ మేనత్త ఊరు వెళ్లినప్పుడు అక్కడ ఎప్పుడు పెడతారో కనుక్కుని, వీలైతే వెనక బెంచీలో కూర్చుని చూసి రండి.

ఇంకొక్క పని. ఆ ప్రకటన తెలుగులో కూడా ఉంది. మొదటి వాక్యం ఇది: "ప్రతిపత్తిస్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు." చివరి మాట చూసి నవ్వుతారనుకోకండి, అవుతారని అర్థం. ప్రతిపత్తి అంటే గౌరవం, స్వత్వం అంటే తనదైనది, హక్కు. ఎంత అందమైన మాట! హక్కు పక్కవాడి దగ్గర అడిగి తెచ్చుకున్నది కాదని ఆ మాటలోనే ఉంది. అయినా మీ వయసువాళ్లకి ఈ వాక్యం కొరుకుడు పడదు. దీన్ని మన ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చి రాయండి, మధ్యలో కన్నడం మాటలొచ్చినా ఫరవాలేదు. మన పనిమనిషి కూతురికి చదివి వినిపించండి. ఆ పిల్ల ఎక్కడ ఆగి "అంటే?" అని అడిగిందో అక్కడ గీత గియ్యండి, మార్చండి. రాసింది నాకు చూపించండి, తప్పులు దిద్దను.

రేపు శుక్రవారం. పొద్దున్నే ఆరింటికి గాంధీ బజారుకి వెళ్లి, ముగ్గురు పూలావిడల దగ్గర మూరెడేసి దండ కొనండి. చిల్లర మీ అమ్మనడగండి. ఇంటికొచ్చి స్కేలుతో ప్రతి దండ పొడుగూ, అంగుళానికి ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఏ ఆవిడ దగ్గర ఏ దండ కొన్నారో దారానికి రంగు కాగితం కట్టి గుర్తుపెట్టుకోండి. ముగ్గురి చేతులూ కొలవాలనిపిస్తుంది మీకు. ముందు "అమ్మా, కొలవొచ్చా?" అని అడిగి, ఆవిడ సరేనంటేనే కొలవండి.

మీ తాతయ్య