చూపుతో అంటుకునే భయం

1965 అక్టోబరు. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ పట్టణంలో ఒక ఆడపిల్లల బడి. ముందురోజు ఆ బడి పిల్లలు రాజకుటుంబీకులు హాజరైన చర్చి వేడుక కోసం బయట గంటల తరబడి నిలబడ్డారు. వారిలో ఇరవై మంది దాకా సొమ్మసిల్లారు. మర్నాడు పొద్దున బడిలో ఎక్కడ విన్నా అదే ముచ్చట. కాసేపటికి ఒకమ్మాయికి కళ్లు తిరిగాయి. తర్వాత ఇంకొకరికి, మరొకరికి. కుర్చీల మీంచి పడి దెబ్బలు తగిలించుకుంటారేమోనని ఉపాధ్యాయులు వాళ్లను నడవాలో నేలమీద పడుకోబెట్టారు. జాగ్రత్త కోసం చేసిన పనే. కానీ అటుగా నడిచిన ప్రతి ఒక్కరికీ పడి ఉన్న పిల్లలే కనిపించారు. ఆ రోజు ముగిసేలోగా 85 మంది అంబులెన్సుల్లో ఆసుపత్రికి చేరారు.

పరీక్షల్లో విషమేదీ, సూక్ష్మజీవి ఏదీ దొరకలేదు. ఆ ఏడాదే పట్టణంలో పోలియో ప్రబలి ఉంది కాబట్టి ఊరంతా ముందే బెదిరి ఉంది. ఈ ఉదంతాన్ని పరిశీలించి 1966లో నివేదిక రాసిన మాస్, మెక్‌ఎవెడీ అనే వైద్యులు తేల్చిన కారణం వినడానికి చాలా చిన్నది: అతిగా ఊపిరి పీల్చడం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. విషమో సూక్ష్మజీవో లేకుండానే లక్షణాలు ఒకరి నుంచి ఒకరికి పాకే ఇలాంటి స్థితిని మాస్ హిస్టీరియా, అంటే సామూహిక హిస్టీరియా అంటారు. ఆ పేరు వినగానే నటన అనో, బలహీన మనస్కుల గోల అనో కొట్టిపారేస్తారు. కానీ ఆ పిల్లలకు తల నిజంగానే తిరిగింది, వేళ్లు నిజంగానే కొంకర్లు పోయాయి. ఒంట్లో ఏం జరుగుతుందో వరసగా చూస్తే ఇందులో వింతేమీ లేదని తెలుస్తుంది.

నిమ్మళంగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 16 సార్లు, ఒక్కోసారి అర లీటరు చొప్పున గాలి పీలుస్తాడు. భయపడినప్పుడు ఆ సంఖ్య 25, 30కి పోతుంది. ఒంట్లోకి అదనంగా చేరే ఆక్సిజన్ అంటూ పెద్దగా ఏమీ ఉండదు, రక్తం అప్పటికే దాదాపు నిండుగా ఉంటుంది. బయటికి పోయేది మాత్రం చాలా ఎక్కువ. ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం మామూలుగా 40 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉండాలి. గట్టిగా ఎగశ్వాస తీస్తే అది రెండు మూడు నిమిషాల్లోనే 25కో, ఇంకా కిందికో దిగిపోతుంది. మెదడులోని రక్తనాళాలు ఈ వాయువును బట్టే వ్యాకోచిస్తాయి, సంకోచిస్తాయి. పీడనం ఒక్క మిల్లీమీటరు తగ్గితే మెదడుకు వెళ్లే రక్తం సుమారు 3 శాతం తగ్గుతుంది. అందుకే తల తేలిపోవడం, చూపు మసకబారడం, చుట్టూ ఉన్నదేదీ నిజం కాదన్నట్టు అనిపించడం. అదే సమయంలో రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. స్వేచ్ఛగా తిరిగే కాల్షియం అయాన్లు రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీనుకు అతుక్కుపోతాయి. నరాలు చిన్న ప్రేరణకే స్పందించే స్థితికి వస్తాయి. ముందు మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. తర్వాత వేళ్లన్నీ ఒకచోటికి చేరి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, చెయ్యి పక్షి ముక్కులా బిగుసుకుపోతుంది.

ఇంకా చిత్రమేమిటంటే, ఇంత గాలి పీలుస్తున్నా ఊపిరి ఆడడం లేదనే అనిపిస్తుంది. దాంతో మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు. పక్కనున్నవాళ్లు ‘‘గట్టిగా ఊపిరి తీసుకో’’ అని మంచి ఉద్దేశంతోనే చెబుతారు. ఈ స్థితిలో అంతకు మించిన చెడ్డ సలహా లేదు.

భయానికీ శ్వాసకూ ఉన్న లంకె ఎంత లోతైనదో 2013లో అచ్చయిన ఒక అమెరికన్ ప్రయోగం చూపించింది. భయానికి కీలకమని చెప్పే అమిగ్డాలా అనే మెదడు భాగం అరుదైన జబ్బుతో రెండు వైపులా దెబ్బతిన్నవాళ్లు ముగ్గురు ఇందులో పాల్గొన్నారు. వారిలో ఒకామె పాములకూ సాలీళ్లకూ భయానక సినిమాలకూ జంకదని అంతకుముందే తేలింది. ఎగశ్వాసలో తగ్గే వాయువును ఇక్కడ పెంచి చూశారు. 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిని ఒక్క గుక్క పీల్చగానే ముగ్గురూ విపరీతంగా హడలిపోయారు. అమిగ్డాలా బాగానే ఉన్న 12 మందిలో అంతగా భయపడినవాళ్లు ముగ్గురే. భయం కళ్ల ముందున్న ప్రమాదం నుంచే పుట్టాలని లేదు, ఊపిరిలోని తేడా నుంచీ పుడుతుంది. ఒంట్లో మార్పు ముందు వచ్చి, దానికో కారణాన్ని మెదడు తర్వాత వెతుక్కునే సందర్భాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

వెతుక్కునే ఆ కారణం పక్కవాళ్ల దగ్గర సిద్ధంగా దొరికితే అది అంటువ్యాధిలా పాకుతుంది. 1998 నవంబరు 12న అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, మెక్‌మిన్‌విల్ పట్టణంలోని హైస్కూలులో ఒక ఉపాధ్యాయురాలికి పెట్రోలు లాంటి వాసన వచ్చింది, తలనొప్పి మొదలైంది. పిల్లల్లో కొందరికీ అలాగే అనిపించింది. బడి ఖాళీ చేయించారు. అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాలు వచ్చాయి. ఆ రోజు అత్యవసర విభాగానికి వెళ్లినవాళ్లు 100 మంది, రాత్రి ఆసుపత్రిలోనే ఉండిపోయినవాళ్లు 38 మంది. అయిదు రోజుల తర్వాత బడి మళ్లీ తెరిస్తే ఇంకో 71 మంది వెళ్లారు. గాలి, నీరు, రక్తం, మూత్రం పరీక్షించారు. ఏమీ దొరకలేదు. ఎవరికి ఎక్కువగా వచ్చిందని లెక్కలు తీస్తే పైకి వచ్చిన అంశాలు ఇవి: ఆడపిల్ల కావడం, జబ్బుపడినవారిని కళ్లారా చూడడం, తోటి విద్యార్థికి బాగాలేదని తెలియడం, వాసన వచ్చిందనుకోవడం.

ఆడపిల్లల్లో ఎక్కువన్నది చాలా అధ్యయనాల్లో కనిపించేదే. అంతమాత్రాన దీన్ని ఆడవాళ్ల జబ్బు అనడం తప్పు. 1988లో శాన్ డియేగోలో శిక్షణ పొందుతున్న నౌకాదళ కుర్రాళ్లను వందల్లో అంబులెన్సుల్లో తరలించాల్సి వచ్చింది. కిక్కిరిసిన చోట, పైవాళ్ల మాటకు ఎదురుచెప్పలేని చోట, లేచి వెళ్లిపోయే వీల్లేని చోట ఎవరున్నా ఇది పుడుతుంది.

అన్నిసార్లూ ఒంటికే రావాలని కూడా లేదు. 1954 ఏప్రిల్‌లో సియాటెల్ నగరంలో కార్ల ముందు అద్దాల మీద సన్నని గుంటలు పడుతున్నాయని పుకారు లేచింది. రెండు రోజుల్లో 3,000కు పైగా వాహనాల గురించి పోలీసులకు ఫిర్యాదులు. అణుపరీక్షల ధూళి అన్నారు, ఇంకేవేవో అన్నారు. మేయరు ఏకంగా దేశాధ్యక్షుడి సాయం కోరాడు. జరిగిందల్లా ఏమిటంటే, అంతవరకూ అద్దంలోంచి రోడ్డును చూస్తున్న జనం మొదటిసారి అద్దాన్ని చూశారు. ఆ గుంటలు రోడ్డు మీది ఇసుక, కంకర రేణువులు తగిలి ఎప్పటినుంచో ఉన్నవే. ఒంటి నొప్పులూ అంతే. ఏ క్షణాన ఎవరు వెతికినా ఎక్కడో చిన్న నొప్పో, కాస్త గుండె దడో కనబడకపోదు.

ఇలాంటి ఉదంతాలను బ్రిటిష్ మనోవైద్యుడు సైమన్ వెస్లీ 1987లో రెండు రకాలుగా విడదీశాడు. బ్లాక్‌బర్న్, మెక్‌మిన్‌విల్ లాంటివి ఆదుర్దా రకం: నిమిషాల్లో లేస్తాయి, గంటల్లో, రోజుల్లో చల్లారతాయి. రెండోది కదలికల రకం: వణుకు, మెలికలు, నవ్వు, ఏడుపు. ఇది నెమ్మదిగా మొదలై నెలల తరబడి నలుగుతుంది, దాని వెనక చాలాకాలంగా అణిగి ఉన్న ఒత్తిడి ఉంటుంది. టాంగన్యీకాలో (నేటి టాంజానియా) 1962 జనవరి 30న కషాషా అనే ఊరి బాలికల వసతి పాఠశాలలో ముగ్గురితో మొదలైన ‘నవ్వుల వ్యాధి’ ఈ రెండో రకం. మార్చి 18న బడి మూసేసే నాటికి 159 మందిలో 95 మందికి వచ్చింది. పిల్లలు ఇళ్లకు చేరడంతో పల్లెలకూ పాకింది. ఉపాధ్యాయుల్లో ఒక్కరికీ రాలేదు. దీన్ని నెలల పాటు ఆపకుండా నవ్విన సరదా కథగా చెప్పుకోవడం చూస్తే చిరాకేస్తుంది. అక్కడ సరదా ఏమీ లేదు. నవ్వు, ఏడుపు, భయంతో పరుగులు విడతలు విడతలుగా వచ్చేవి, మధ్యలో మామూలుగా ఉండేవారు. ఒక్కొక్కరికి కొన్ని గంటల నుంచి 16 రోజుల వరకూ సాగింది.

1518లో స్ట్రాస్‌బర్గ్‌లో వందల మందిని ఊపేసిన నృత్యోన్మాదానికి రై ధాన్యానికి పట్టిన ఎర్గాట్ బూజు కారణమని కొందరంటారు. కానీ ఆ విషం కాళ్లూ చేతులకు రక్తం అందకుండా చేస్తుంది. అలాంటి కాళ్లతో రోజుల తరబడి ఆడడం అయ్యే పని కాదు. ఆడి ఆడి అదే తగ్గుతుందని నగర పెద్దలు వేదిక కట్టించి, వాద్యగాళ్లను పిలిపించారు. ఉన్మాదం ఇంకా పెరిగింది. కరవు, రోగాలతో నలిగిన జనానికి, సెయింట్ వైటస్ అనే క్రైస్తవ పునీతుడికి కోపం వస్తే ఇలా ఆడిస్తాడన్న నమ్మకం ముందే ఉంది. ఒళ్లు ఎటు వంగాలో ఆ నమ్మకమే చెప్పింది.

మరి ఇంత బాధపెట్టే భయాన్ని టికెట్టు కొనుక్కుని మరీ ఎందుకు వెతుక్కుంటాం? డెన్మార్క్‌లో ఒక పాత చేపల ఫ్యాక్టరీలో నడిపే దయ్యాల కొంపలోకి 110 మందిని గుండె వేగం కొలిచే పరికరాలతో పంపి ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం పెరిగేకొద్దీ ఆనందం పెరిగింది, ఒక హద్దు దాటాక పడిపోయింది. గుండె వేగం ఆ మనిషి మామూలు స్థాయి నుంచి కొద్దికొద్దిగా ఊగుతున్నప్పుడే మజా, మరీ ఎక్కువగా ఎగిరితే లేదు. పిట్స్‌బర్గ్‌లో 262 మందిపై జరిగిన మరో అధ్యయనంలో, లోపలికి వెళ్లేముందు అలసటతో, విసుగుతో ఉన్నవాళ్లకే బయటికొచ్చాక ఎక్కువ హాయిగా అనిపించింది.

దడదడలాడే గుండె, చెమట, ఎగశ్వాస రెండు చోట్లా అవే. తేడా పరిస్థితుల్లో ఉంది. దయ్యాల కొంపకు మన ఇష్టంతో వెళ్తాం. అది ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. బయటికి దారి ఉంది. పక్కనున్న స్నేహితుడు కెవ్వున అరిచి వెంటనే నవ్వేస్తాడు, ఆ నవ్వు చూసి మన ఒళ్లూ సర్దుకుంటుంది. తరగతి గదిలో, కర్మాగారంలో ఈ నాలుగూ ఉండవు. అక్కడ పక్కవాడు అరిచి పడిపోతాడు, లేవడు. నా దృష్టిలో, ఇలాంటి చోట చేయాల్సిన చికిత్సంతా ఆ నాలుగింటినీ తిరిగి కల్పించడమే.

అయితే మొదటి గంటలో ఎవరూ హిస్టీరియా అనే మాట ఎత్తకూడదు. ముందు అందరినీ ఆరుబయటికి తేవాలి, ఆ తర్వాతే విచారణ. అసలు విషానికి దానిదైన దారి ఉంటుంది: మూలానికి దగ్గరున్నవాళ్లకు ఎక్కువ, దూరమున్నవాళ్లకు తక్కువ. హిస్టీరియా స్నేహాల వెంట, చూపు మేర సాగుతుంది. కంటిపాప సూదిమొనంత అయి నోట చొంగ కారుతుంటే పురుగుమందును అనుమానించాలి. వాసన వచ్చిందంటే విషమనీ, రాలేదంటే క్షేమమనీ అనుకోకూడదు. అన్నిటికన్నా మోసం చేసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం అచ్చం హిస్టీరియాలాగే ఉంటాయి. పైగా వేలికి తగిలించే ఆక్సీమీటరు 98, 99 అని నిశ్చింతగా చూపిస్తుంది, ఎందుకంటే మామూలు పరికరం ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్‌కూ మోనాక్సైడ్ ఎక్కినదానికీ తేడా పట్టలేదు. మోనాక్సైడ్ ఎక్కిన హిమోగ్లోబిన్ ఎంతుందో చూపే కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష చేయాల్సిందే.

ప్రమాదం లేదని తేలాక బాధితులను ఒకరికొకరు కనబడకుండా వేరువేరు గదుల్లో, ఒక్కొక్కరి దగ్గర ఒక నిబ్బరమైన మనిషితో ఉంచాలి. జనాన్ని, కెమెరాలను, మోగే సైరన్లను దూరం పెట్టాలి. ముక్కుతో నాలుగు సెకన్లు నెమ్మదిగా పీల్చి ఆరు సెకన్లు వదలమనాలి. లోతుగా కాదు, తక్కువగా, నిదానంగా. అయిదు పది నిమిషాల్లో తిమ్మిరి వదులుతుంది. కాగితపు సంచిలోకి ఊపిరి వదిలే పాత చిట్కా వద్దు. ఆ మనిషికి ఉన్నది ఆస్తమానో గుండెజబ్బో అయితే అది ప్రాణం మీదికి తెస్తుంది. పాలిపోయి, నాడి మందగించి పడిపోతే మాత్రం అది ఎగశ్వాస కాదు, మామూలుగా సొమ్మసిల్లడం. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టాలి.

పరీక్షలను పదేపదే పొడిగించడం కూడా హాని చేస్తుంది. ఏదో ఉందని అధికారులే అనుమానిస్తున్నట్టు కనబడుతుంది కాబట్టి. అవసరమైనవి త్వరగా చేసి, ఏవి చేశారో, ఏమీ దొరకలేదని ఎలా తెలిసిందో అందరికీ విడమరిచి చెప్పాలి. ‘‘నీకేం లేదు’’ అనడం పనికిరాదు, తిమ్మిరెక్కిన చేతులు ఆ మాటను అబద్ధమని చెబుతుంటాయి. ఊపిరి వల్ల ఇలా అవుతుంది, తగ్గిపోతుంది అని కారణంతో సహా చెబితే నమ్ముతారు.

ఇప్పుడు చూపు మేర అంటే గది, నడవా కాదు. 2019 తర్వాత జర్మనీతో సహా పలు దేశాల వైద్యుల దగ్గరికి ఉన్నట్టుండి కుదుపులతో, అసంకల్పితంగా అరిచే మాటలతో పిల్లలు రావడం మొదలైంది. ఇలాంటి కుదుపులు, అరుపులు కలిగించే నాడీ సమస్య టూరెట్ సిండ్రోమ్ సాధారణంగా చిన్నతనంలో, మగపిల్లల్లో ఎక్కువగా, నెమ్మదిగా మొదలవుతుంది. వీళ్లకు కౌమారంలో, ఒక్కసారిగా వచ్చింది. జర్మనీలో చాలామంది అవే మాటలు, అవే కదలికలు చూపిస్తున్నారని గమనించి ఆరా తీస్తే, అవన్నీ యూట్యూబ్‌లో బాగా పేరున్న ఒక ఛానల్‌లోనివని తేలింది. ఒకరినొకరు ఎన్నడూ కలవని పిల్లలు వీళ్లు. వైద్యులు జబ్బు స్వభావాన్ని వివరించి, ఆ వీడియోలు చూడడం మానమన్నారు. టూరెట్ కాదని తెలిశాక కొందరికి ఆ కదలికలు చాలా త్వరగా తగ్గాయి.