జంజీర్ చూడబోయే పిల్లలకు

పిల్లలూ,

మీరు చూసే పగ సినిమాల్లో మొదటి రీలుకే శత్రువెవరో హీరోకి తెలిసిపోతుంది. ఇక మిగిలేది ఎంతమందిని నరికాడన్న లెక్కే. 1973లో ప్రకాశ్ మెహ్రా తీసిన 'జంజీర్' అలా ఉండదు. హిందీ కదా అని పక్కన పెట్టకండి.

దీపావళి రాత్రి. ఒక పిల్లాడు బీరువాలో దాక్కుని, అమ్మానాన్నలను ఎవడో కాల్చి చంపడం తలుపు సందులోంచి చూస్తాడు. హంతకుడి ముఖం కనపడదు. చేతికున్న గొలుసూ, దానికి వేలాడే తెల్లగుర్రం బొమ్మా కనపడతాయి, అంతే. ఆ పిల్లాడే పెద్దయ్యాక ఇన్‌స్పెక్టర్ విజయ్. నిద్రపోతే చాలు, కల్లోకి ఆ గుర్రం వస్తుంది.

పగ ఉంది, తీర్చుకుందామంటే మనిషి లేడు. దాంతో ఆ కోపం ఎదురుపడ్డ ప్రతివాడి మీదా విరుచుకుపడుతుంది. జూదం అడ్డా నడిపే షేర్‌ఖాన్ స్టేషన్‌కొచ్చి దర్జాగా కూర్చోబోతే, విజయ్ ఆ కుర్చీని ఒక్క తన్ను తంతాడు. ఇదంతా ఒంటిమీది యూనిఫాం పొగరేనని షేర్‌ఖాన్ అంటే, మామూలు బట్టల్లో వాడి పేటకే వెళ్ళి కలబడతాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యేది ఆ కొట్లాటతోనే. షేర్‌ఖాన్‌గా వేసిన ప్రాణ్ అప్పటికే పేరుమోసిన నటుడు. విజయ్‌గా వేసిన అమితాబ్‌వేమో వరసగా ఫ్లాపులు. ధర్మేంద్ర, దేవానంద్ లాంటివాళ్ళు వదులుకున్న వేషం అది. రాజేష్ ఖన్నా ప్రేమపాటలు ఊరంతా మోగుతున్న రోజుల్లో, ఒక్క పాటా పాడని, నవ్వడం మర్చిపోయిన హీరోని రచయితలు సలీం-జావేద్ తయారుచేశారు. ధైర్యమంటే అదీ!

కానీ నాకు ఈ సినిమాలో గొప్పగా అనిపించేది ఫైటింగులు కాదు, మాల. జయభాదురి వేసింది. వీధుల్లో కత్తులకు సానపట్టే పిల్ల. పిల్లలను గుద్ది చంపిన బండిని కళ్ళారా చూసి కూడా, డబ్బు తీసుకుని నోరు మూసుకుంటుంది. విజయ్ అరవడు, కొట్టడు. మార్చురీకి తీసుకెళ్ళి ఆ పిల్లల శవాలు చూపిస్తాడు. అక్కడే ఆమె మనసు కరిగి నిజం చెబుతుంది. తర్వాత ఈ గొడవలన్నీ వదిలెయ్యమని అతని దగ్గర మాట తీసుకునేదీ ఆమే. కల్తీ సారా తాగి ముగ్గురు కొడుకులూ పోయిన డిసిల్వా గోడు విన్నాక విజయ్ లోలోపల నలిగిపోతుంటే, చూడలేక ఆ మాటను వెనక్కి తీసుకునేదీ ఆమే. ఆ సీన్ దగ్గర మాత్రం ఫాస్ట్ ఫార్వర్డ్ చేశారో, ఊరుకోను.

మరుసటి ఏడే ఇది తెలుగులో ఎన్టీఆర్‌తో 'నిప్పులాంటి మనిషి'గా వచ్చింది. షేర్‌ఖాన్ వేషం మన సత్యనారాయణది. 'స్నేహమే నా జీవితం' పాట వస్తే మా ఈడువాళ్ళం ఇప్పటికీ గొంతు కలుపుతాం. 2013లో రామ్‌చరణ్ 'తూఫాన్' కూడా ఈ కథే. శ్రీహరి కోసం చూడొచ్చు. మిగతాది మీ ఇష్టం.

చివర్లో విలన్ తేజాను ఎవరు కాలుస్తారో నేను చెప్పను. చూశాక ఫోన్ చేయండి.

మీ తాతయ్య